ఆఖరి స్లాట్ ఎవరిది: బ్యాండ్‌దా, డీజేదా?

బేస్‌తీగ:
శని, ఆదివారాలు కలిపి ఫంక్ (బేస్, డ్రమ్స్ లయే ప్రాణంగా నడిచే డాన్స్ సంగీతం), ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్ ఒకే చోట పెట్టే వేడుకలన్నింటిలో దాదాపు ఇదే వరస. పది మంది చెమటోడ్చి వాయించే బ్యాండ్‌ని సగం జనం కూడా రాకముందే స్టేజ్ ఎక్కించేస్తారు. అందరూ ఊపు మీదున్న అర్ధరాత్రి వేళ మాత్రం డీజేకి. నా వాదన ఒక్కటే: రెండు రాత్రుల్లో ఒక రాత్రయినా బ్యాండే ముగించాలి. 1967లో ‘కోల్డ్ స్వెట్’ పాటలో ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందం గిటార్‌నీ హార్న్స్‌నీ (సాక్సఫోన్, ట్రంపెట్ లాంటివి) కూడా డ్రమ్స్‌లా వాడి, ప్రతి బార్‌లో (తాళం ఒక చుట్టులో) మొదటి దెబ్బ మీద బరువంతా మోపింది. ఇవాళ్టి డాన్స్ ఫ్లోర్ అక్కడి నుంచి వచ్చిందే కదా. మీరేమంటారు?

మిక్సర్ వెనక:
మీ ఆవేశం సరే గానీ, సౌండ్ చేసేవాడి గోడు కూడా వినండి. డీజే దగ్గర నుంచి నాకు వచ్చేది రెండు చానెళ్లు. అవి స్టూడియోలో ముందే గట్టిగా కంప్రెస్ చేసి (చిన్నా పెద్దా శబ్దాల తేడా తగ్గించి) పెట్టిన ట్రాకులు. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ శబ్దం), సబ్ బేస్ (అట్టడుగు బేస్) గంటల తరబడి ఒకే మట్టంలో కొడుతూనే ఉంటాయి, చెవి దానికి అలవాటు పడిపోతుంది. ఆ వెంటనే బ్యాండ్ ఎక్కితే ఎంత గొప్ప డ్రమ్మర్ అయినా పల్చగా వినిపిస్తాడు. పైగా డ్రమ్స్‌కే బోలెడు మైకులు, హార్న్స్‌కి వేరే, మానిటర్లు (వాయించేవాళ్లకి వినిపించే స్పీకర్లు), లైన్ చెక్ (ఒక్కో మైకూ పలుకుతోందో లేదో చూడటం). అర్ధరాత్రి అరగంట సౌండ్ లేకపోతే జనం ఇంటిదారి పడతారు. డీజేకైతే బల్ల జరిపితే చాలు.

బేస్‌తీగ:
డ్రమ్ కిట్‌ని చక్రాలున్న చిన్న వేదిక (రైజర్) మీద మైకులతో సహా ముందే అమర్చి వెనక పెట్టుకోవచ్చు కదండీ. ఇక పల్చగా వినిపించడమంటారా, తప్పు బ్యాండ్‌ది కాదు, డీజేకి ఇచ్చిన వాల్యూమ్‌ది. 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లోనే చెప్పింది. ఇద్దరికీ అదే గీత గీయండి.

మిక్సర్ వెనక:
గీసినా లాభం లేదండీ. ఆ లెక్క ఎ-వెయిటింగ్ అనే కొలత పద్ధతిలో ఉంటుంది. అందులో లోతైన బేస్ దాదాపు లెక్కకే రాదు. మీటర్ ఇద్దరికీ ఒకే అంకె చూపిస్తుంది, ఛాతీలో దడ పుట్టించేది మాత్రం డీజే సబ్బే. ఆ అంకెని నమ్ముకుంటే బ్యాండ్‌కే నష్టం.

రాత్రిపక్షి:
మధ్యలో దూరుతున్నా. మనుషుల పార్టీ, యంత్రాల పార్టీ అని విడగొట్టడమే నాకు నచ్చట్లేదు. యంత్రాన్ని ముందుగా ఇంట్లోకి పిలిచినవాళ్లలో ఫంక్ వాళ్లూ ఉన్నారు. 1971లో ఫంక్ గాయకుడు స్లై స్టోన్ ‘ఫ్యామిలీ అఫేర్’ పాటని రిథమ్ బాక్స్ (డ్రమ్స్ తాళం వేసే యంత్రం) మీద నడిపాడు. జార్జ్ క్లింటన్ నడిపిన పార్లమెంట్ అనే ఫంక్ బ్యాండ్ వాళ్ల ‘ఫ్లాష్ లైట్’ పాటలో వినిపించే ఆ బేస్ గిటార్‌ది కాదు, బెర్నీ వారెల్ వాయించిన మినీమూగ్ సింథసైజర్‌ది. ఎలక్ట్రానిక్ వైపు చూడండి. 1977 నాటి డోనా సమ్మర్ పాట ‘ఐ ఫీల్ లవ్’ మొత్తం సింథ్ అనుకుంటాం, కిక్ డ్రమ్ మాత్రం డ్రమ్మర్ కీత్ ఫోర్సీ స్వయంగా కాలితో తొక్కి వాయించాడు. డెట్రాయిట్‌లో టెక్నో అనే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం మొదలెట్టిన కుర్రాళ్లు జార్జ్ క్లింటన్‌నీ జర్మన్ ఎలక్ట్రానిక్ బృందం క్రాఫ్ట్‌వెర్క్‌నీ ఒకే చెవితో విన్నవాళ్లు.

పాత రికార్డు:
చరిత్ర బాగుంది బ్రో, డబ్బు సంగతి? 1969లో ‘ఫంకీ డ్రమ్మర్’ రికార్డింగ్‌లో జేమ్స్ బ్రౌన్ డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ వాయించిన ముక్కని శాంపిల్‌గా కోసి లెక్కలేనన్ని పాటల్లో వాడుకున్నారు. పాట హక్కు జేమ్స్ బ్రౌన్ పేరు మీద ఉంది. 2017లో పోయేదాకా ఆ శాంపిళ్ల మీద క్లైడ్‌కి వచ్చింది దాదాపు ఏమీ లేదు. ‘ఆమెన్, బ్రదర్’ పాటలో డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ వాయించిన నాలుగు బార్లదీ అదే కథ. జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే డాన్స్ సంగీతాలు నిలబడింది వాటి మీదే. ఆయనా 2006లో చేతికి రాయల్టీ అందకుండానే పోయాడు. నన్నడిగితే స్లాట్ కంటే ముందు పారితోషికం గురించి కొట్లాడాలి. పది మందికి కలిపి ఇచ్చేది ఒక్క డీజేకి ఇచ్చేదానికంటే తక్కువైతే, అర్ధరాత్రి ఎక్కించి ఏం లాభం?

బేస్‌తీగ:
పారితోషికం పెరగాలంటే పోస్టర్ మీద పేరు పైకి రావాలి, పేరు పైకి రావాలంటే ఆఖరి స్లాట్ కావాలి. అందుకే ఈ గొడవ.

రాత్రిపక్షి:
ఆఖర్లోనే ఎందుకు, మధ్యలో కలపండి. ఫంక్ సాధారణంగా 100, 110 బీపీఎం (నిమిషానికి దెబ్బలు) దగ్గర నడుస్తుంది, డీజేలు వేసే హౌస్ సంగీతం 120 పైన. బ్యాండ్ తన చివరి రెండు పాటల్లో వేగం పెంచుకుంటూ పోతే, ఆఖరి గ్రూవ్ ఆగకముందే డీజే అందుకోవచ్చు. చెవిలో తాళం చెప్పే క్లిక్ లేకుండా వాయించే డ్రమ్మర్ వేగం కొద్దికొద్దిగా జరుగుతుంది కాబట్టి డీజే పిచ్ ఫేడర్ (పాట వేగం మార్చే మీట) మీద చెయ్యి, డ్రమ్మర్ మీద చెవి పెట్టి తీరాలి. వేగాలని తానే కలిపే సింక్ బటన్ నమ్ముకున్నవాళ్లు అక్కడ దొరికిపోతారు. నాకైతే అదే అసలు సరదా :)

మిక్సర్ వెనక:
దీనికి నేను ఒప్పుకుంటా. ఒకటే షరతు, మధ్యాహ్నమే ఇద్దరూ కలిసి రిహార్సల్ చెయ్యాలి. స్టేజ్ మీద చూసుకుందాం అంటే మాత్రం నన్ను పిలవొద్దు.

బేస్‌తీగ:
శనివారానికి సరే. ఆదివారం మాత్రం బ్యాండే ముగించాలి, అక్కడ తగ్గను.

మిక్సర్ వెనక:
సౌండ్ ఆపాల్సిన టైమ్ దాటితే డీజే వాల్యూమ్ ఫేడర్ నేనే కిందికి లాగేస్తా. ‘ఇంకొక్కటే’ అంటూ రెండో ఎంకోర్‌కి దిగిన హార్న్స్ వాళ్లని ఎవరు దింపుతారు, మీరొస్తారా?