బెరాత్ వెళ్లొచ్చినవాళ్లు ఉన్నారా? ఒక్క పూట చాలా, రాత్రి ఉండాలా?

సైనిక్‌పురి అమ్మాయి:
నమస్తే అండీ అందరికీ. సెప్టెంబర్‌లో మా అమ్మ, నేను, పదేళ్ల మా పాప అల్బేనియా వెళ్తున్నాం. రాజధాని తిరానాలో నాలుగు రోజులు ఉంటాం. ట్రావెల్స్ వాళ్లు ఇచ్చిన ప్లాన్‌లో బెరాత్‌కి పొద్దున బయల్దేరి సాయంత్రానికి వెనక్కి రావడమే ఉంది. అమ్మకేమో ఆ ఊరి మీదే మనసు. ఏటి అవతల చర్చిలు, ఇవతల మసీదులు, పైన కోట ఉన్న ఫొటో చూసినప్పటి నుంచి రోజూ దాని గురించే అడుగుతోంది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, పైగా శుద్ధ శాకాహారి. కోట ఎక్కగలదా? మసీదులోకి, చర్చిలోకి మనల్ని రానిస్తారా? తిండి సంగతేంటి? ఒక్క రాత్రి ఉంటే బాగుంటుందా, డబ్బు దండగా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్, నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంది.

మెహదీపట్నం రమణ:
అమ్మా, తప్పకుండా ఒక రాత్రి ఉండండి, వీలైతే రెండు. తిరానా నుంచి బెరాత్ వంద కిలోమీటర్ల పైమాటే, బస్సుకి రెండున్నర గంటలు పట్టింది మాకు. రానూపోనూ ఐదు గంటలు రోడ్డు మీదే పోతే ఇంక ఊరు చూసేదెప్పుడు?

మేం నిరుడు అక్టోబర్‌లో వెళ్లాం, కోట లోపల ఒక ఇంట్లో దిగాం. అవును, కోటలో జనం ఇంకా కాపురాలు చేస్తున్నారు. మన గోల్కొండ బయటి గోడ లోపల ఇళ్లు, దుకాణాలు, పిల్లల ఆటలు ఎలా ఉంటాయో అలా. వాళ్లు కోటని కలా అంటారు, మన ఖిలాకీ దానికీ మూలం ఒకే అరబ్బీ మాట. ఆ ఇంటావిడ ఆ మాట విని నా చెయ్యి పట్టుకుని ఖిలా, ఖిలా అని రెండు సార్లు అని చూసుకుంది.

కింది నుంచి కోటకి వెళ్లే దారి బాగా నిటారు. నాపరాళ్లు వందల ఏళ్లుగా నడిచీ నడిచీ అద్దంలా నున్నగా అయిపోయాయి, ఎండలోనే జారుతున్నాయి, వాన పడితే చెప్పక్కర్లేదు. అమ్మగారిని నడిపించొద్దు. కోట గుమ్మం దాకా టాక్సీ వెళ్తుంది. లోపల కూడా అవే రాళ్లు, అందుకని రబ్బరు అడుగున్న బూట్లు కొనివ్వండి. గోడల పక్కన ఆడవాళ్లు అల్లిన తెల్లటి లేసు గుడ్డలు ఆరేసి అమ్ముతుంటారు, మా ఆవిడ ఒకటి తెచ్చింది, ఇప్పుడు మా దేవుడి మందిరంలో పీట మీద అదే.

ఒనుఫ్రి మ్యూజియం మాత్రం వదలొద్దు. 1797లో కట్టిన మేరీమాత చర్చిలోనే పెట్టారు. ఒనుఫ్రి 16వ శతాబ్దపు చిత్రకారుడు, ఆయన వాడిన ఎరుపు చాలా ప్రసిద్ధి. ఆ ఎరుపు ఫొటోలో రాదు. మా ఆవిడ ఒక్క బొమ్మ ముందే అలా నిలబడిపోయింది, పెళ్లిలో మొదటిసారి పెట్టుకున్న కుంకుమ రంగు ఇదే అంది.

తిండికి భయం లేదు. పల్చటి పిండి పొరల మధ్య పాలకూర పెట్టి కాల్చే బ్యూరెక్, టమాటా, క్యాప్సికం, పనీరు లాంటి జున్ను కలిపి వండే ఫెర్గెస్, గడ్డపెరుగు. కాకపోతే ఫెర్గెస్‌లో కొన్నిచోట్ల మాంసం వేస్తారు, ముందే ‘పా మిష్’ అనండి, అంటే మాంసం లేకుండా అని. ఇంకో మాట, అవునన్నప్పుడు వాళ్లు తల అడ్డంగా ఊపుతారు. మొదటిరోజు వాళ్లు వద్దంటున్నారనుకుని రెండు హోటళ్ల నుంచి లేచి వచ్చేశాం.

టోలిచౌకి నజీర్:
రమణ గారు చెప్పినవన్నీ నిజం. నేను మసీదుల గురించి రెండు ముక్కలు కలుపుతాను. ఏటికి ఇవతల మంగలెమ్, పాత ముస్లిం వాడ. అవతల గొరిత్సా, ఆర్థడాక్స్ క్రైస్తవుల వాడ. మధ్య ఓసుమ్ నది. మంగలెమ్‌లో బ్రహ్మచారుల మసీదు అని ఒకటుంది, 1827లో కట్టింది. బజారు దుకాణాల్లో పనిచేసే పెళ్లికాని కుర్రాళ్ల కోసం అట. గోడల బయట వైపు కూడా రంగులతో బొమ్మలున్నాయి. అక్కడికి దగ్గర్లోనే రాజుగారి మసీదు, ఒట్టోమన్ సుల్తాన్ రెండో బయజీద్ కాలంది, దాని వెనక 1782 నాటి హల్వెతీ తెక్కె. తెక్కె అంటే మన ఖాన్‌ఖా, సూఫీల మఠం అనుకోండి; హల్వెతీ అనేది ఒక సూఫీ శాఖ. దాని చెక్క కప్పు చెక్కుడు పని, బంగారు పూత, మెడ నొప్పెట్టేదాకా చూశాను. నమాజు వేళ కాకుండా వెళ్లండి, చెప్పులు విప్పి, తలకి చున్నీ కప్పుకుంటే ఎవరూ కాదనరు.

కానీ దయచేసి అక్కడి ఫొటోల కింద మతసామరస్యం అని రాసి వదిలేయకండి. 1967లో అక్కడి ప్రభుత్వం మతాన్నే నిషేధించింది. మసీదు, చర్చి అని తేడా లేకుండా మూసేశారు, కూల్చినవి కూల్చేశారు. 1990 దాకా బహిరంగంగా నమాజు లేదు, పూజ లేదు. 1961లోనే బెరాత్‌ని మ్యూజియం నగరంగా ప్రకటించడం వల్ల కొన్ని కట్టడాలు మిగిలాయి. మాకు టీ ఇచ్చిన ఒక పెద్దాయన, తన చిన్నప్పుడు వాళ్ల అమ్మ తలుపు వేసుకుని గొంతు లేకుండా పెదాలు మాత్రమే కదిపి దువా చేసేదని, రంజాన్‌లో పగలు పొయ్యి వెలిగించి ఉత్త నీళ్లు కాచేదని చెప్పాడు, పొరుగువాళ్లకి పొగ కనపడాలని, ఉపవాసం సంగతి బయటపడకూడదని. నేను అది మర్చిపోలేను. ఆ రెండు వాడల్ని చూసేటప్పుడు ఇది కూడా మనసులో ఉంచుకోండి అక్కా.

ఇంకొకటి. బెరాత్‌లో 6వ శతాబ్దపు సువార్త గ్రంథం ఉండేది, ఊదా రంగు తోలు మీద వెండి అక్షరాలు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం దాని కోసం వస్తే ఊరివాళ్లు ఇవ్వకుండా దాచారు. ఇప్పుడు తిరానాలో జాతీయ ఆర్కైవ్స్‌లో ఉంది.

మౌలాలి పిల్లోడు:
నజీర్ భాయ్, మీ మాటకి నేనొకటి చెప్పాలి. బెరాత్ దగ్గరే టొమొర్ కొండ, 2,400 మీటర్ల పైన. ఆ కొండ మీద అబ్బాస్ అలీ దర్గా ఉంది. మన ఆషూర్‌ఖానాల్లో ఏ హజ్రత్ అబ్బాస్ అలమ్ లేపుతారో ఆయనే, హుస్సేన్ తమ్ముడు. ఏటా ఆగస్టు 20 నుంచి 25 దాకా బెక్తాషీలు, అంటే అక్కడి ఒక సూఫీ శాఖ వాళ్లు, ఎక్కుతారు. అదే కొండకి ఆగస్టు 15న మేరీమాత పండక్కి క్రైస్తవులు ఎక్కుతారు. మా ఇల్లు మౌలాలి గుట్ట కిందే, మా నానమ్మ మొక్కు తీర్చుకోవడానికి ఆ మెట్లన్నీ ఎక్కి కొబ్బరికాయ కొట్టేది, మేమేమో యాదవులం. అందుకని ఆ కొండ సంగతి తెలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. నేనింకా వెళ్లలేదు, డబ్బులు జమ చేస్తున్నాను.

మెహదీపట్నం రమణ:
వీసా సంగతి మరిచాను. షెంగెన్ మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండి, ఒకసారి వాడి ఉంటే అల్బేనియాకి విడిగా అక్కర్లేదు, లేకపోతే ఈ-వీసా. మా సమయానికి ఇది, మీరు టికెట్లు తీసుకునే ముందు వాళ్ల ప్రభుత్వ సైట్‌లో ఒకసారి చూసుకోండి, ట్రావెల్స్ వాళ్ల మాట మీద వదిలేయొద్దు.

సైనిక్‌పురి అమ్మాయి:
అందరికీ చాలా థాంక్స్ అండీ. అమ్మకి అన్నీ చదివి వినిపించాను. పొయ్యి మీద ఉత్త నీళ్లు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ చదవమంది. కోట లోపల రెండు రాత్రులకి గది మాట్లాడాను, తిరానాలో రెండు తగ్గించేశాను. నజీర్ గారూ, ఆ పెద్దాయన ఏ వీధిలో ఉంటారో గుర్తుందా? అమ్మ ఆయనకి మన కరాచీ బిస్కెట్లు తీసుకెళ్దామంటోంది.

టోలిచౌకి నజీర్:
వీధి పేరు తెలియదు అక్కా. బ్రహ్మచారుల మసీదు దాటాక ఎడమ చేతి సందు, ద్రాక్ష పందిరి ఉన్న ఇల్లు, మెట్ల పక్కన నీలం రంగు గేటు. సాయంత్రం నాలుగు తర్వాత బయట కుర్చీ వేసుకుని కూర్చుంటాడు.