సముద్ర దోసకాయ పిల్లలను ట్యాంకుల్లో పెంచడానికి లైసెన్సు ఇవ్వాలా?

ఉప్పుటేరు:
సముద్ర దోసకాయ అంటే కాయ కాదు, సముద్రం అడుగున బతికే దోసకాయ ఆకారపు మెత్తటి జీవి. 2001లో కేంద్రం వీటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. అప్పటినుంచి పట్టినా, అమ్మినా నేరమే. కానీ అంతకు ముందే, 1988లో, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తూత్తుకుడిలో హోలోథూరియా స్కాబ్రా అనే జాతి సముద్ర దోసకాయ పిల్లలను హ్యాచరీలో పుట్టించారు. ఆ విద్య చేతిలో ఉండగా రైతుకు ఎందుకు అందకూడదు? మన తీరం పొడవునా రొయ్యల హ్యాచరీలు ఉన్నాయి. వాటిలో కొన్ని ట్యాంకులు దీనికి ఇస్తే చాలు కదా.

కెరటం:
నేను ఒప్పుకోను. దీని పేగులు తీసి, ఉడికించి, ఎండబెట్టి అమ్ముతారు. అలా ముడుచుకుపోయిన సరుకు సముద్రంలో పట్టిందో ట్యాంకులో పెంచిందో ఏ అధికారి చెప్పగలడు? పాక్ జలసంధికి అవతల శ్రీలంకలో లైసెన్సుతో పట్టడం, పెంచడం చట్టబద్ధం. అందుకే ఇటునుంచి దొంగచాటుగా అటు పోతోంది. లైసెన్సు ఇస్తే దొంగ సరుకుకు మనమే రసీదు రాసిచ్చినట్టు.

హ్యాచరీ మనిషి:
ఉప్పుటేరు గారూ, కొన్ని ట్యాంకులు చాలవు. తొలి దశ మనకు తెలిసినదే. రొయ్య జోయియా దశ పిల్లకు వేసే సూక్ష్మ నాచు కీటోసెరాస్‌నే దీని తొలి లార్వా ఆరిక్యులేరియా కూడా తింటుంది. చిక్కంతా ఆ తర్వాతే. అది పీపా ఆకారంలోని డోలియోలేరియాగా మారి మేత మానేస్తుంది. ఆపై అయిదు స్పర్శకాలతో పెంటాక్టులా అయ్యి, నిలిచేందుకు చోటు వెతుకుతుంది. నాచు పొర పట్టిన పలకలు ఆ సమయానికి సిద్ధంగా లేకపోతే ఆ బ్యాచ్ మీద ఆశ వదులుకోవాల్సిందే. పొర మరీ ముదిరినా ఊడిపోతుంది. నీటితో కోపిపాడ్లు అనే రొయ్య జాతి సూక్ష్మజీవులు చొరబడితే మేతకు పోటీ పడతాయి, పిల్లలకు హాని చేస్తాయి. తల్లి లక్షల గుడ్లు పెట్టినా, చివరికి ఇసుకలో దూరే పిల్లలు అందులో బహు కొద్ది.

ఉప్పుటేరు:
సరే, పిల్లలను ప్రభుత్వ హ్యాచరీ పెంచి ఇస్తే? వాటిని రొయ్యల చెరువులో కలిపి వేసుకోవచ్చు. అడుగున పేరుకున్న మురుగును అదే తింటుంది.

హ్యాచరీ మనిషి:
వినడానికి బాగుంటుంది. న్యూ కలెడోనియాలో రొయ్యలతో కలిపి పెంచి చూశారు, పిల్లలు తట్టుకోలేదు. వియత్నాంలో చెరువులో రొయ్యల పంట తీశాక దీన్ని వేసే పద్ధతి ఉంది, అది వేరు. పైగా మన చెరువుల్లో వేసే వెనామీ రొయ్య తక్కువ ఉప్పులోనూ పెరుగుతుంది. ఇది సముద్రపు ఉప్పుకు అలవాటు పడిన జీవి, గట్టి వాన పడి ఉప్పు పడిపోతే చస్తుంది. గోదావరి జిల్లాల చెరువుల్లో దీని మీద రైతు పెట్టుబడి పెడితే నేను చూస్తూ ఊరుకోలేను. నా మాట ఒక్కటే: పిల్లలను ట్యాంకుల్లో పెంచుదాం, కానీ అమ్మకానికి కాదు, మన్నార్ సింధుశాఖలో తిరిగి వదలడానికి.

కెరటం:
దానికి నాకు అభ్యంతరం లేదు. కానీ వదిలినవి బతికాయని ఎలా తెలుస్తుంది?

హ్యాచరీ మనిషి:
మార్గం ఉంది. పిల్లలను వదిలే ముందు ఫ్లోరోక్రోమ్ రంగు కలిపిన నీటిలో ఉంచితే, చర్మంలోని సున్నపు ముళ్లకు రంగు పడుతుంది. తర్వాత చిన్న చర్మపు ముక్క తీసి ప్రత్యేక కాంతి కింద చూస్తే మెరుస్తాయి.

కెరటం:
అయితే ఆ గుర్తు ఉడికించి ఎండబెట్టిన సరుకులోనూ నిలుస్తుందని రుజువు చేసి చూపండి. అప్పుడు లైసెన్సు మాట మళ్లీ మాట్లాడుకుందాం. అంతవరకు వదలడానికి మాత్రమే.