కెరటోకోనసా, పెల్యూసిడా? ఒక్కొక్కరు ఒక్కోటి అంటున్నారు

కోనసీమ_కిరణ్: లేసిక్ (కళ్లజోడు అవసరం తగ్గించే లేజర్ ఆపరేషన్) కోసం వెళ్తే టోపోగ్రఫీ (కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, వంపు చూపే మ్యాపు) తీసి కెరటోకోనస్ (ఆ పొర పలచబడి శంకువులా ఉబ్బడం), ఆపరేషన్ వద్దన్నారు. ఇంకోచోట అదే రిపోర్టు చూసి పెల్యూసిడ్ మార్జినల్ డీజనరేషన్ (కార్నియా కింది అంచు దగ్గర పలచబడడం), అరుదైన జబ్బు అన్నారు. సాయంత్రం నుంచి చదివి చదివి బుర్ర వేడెక్కింది. మ్యాపులో కింద అంతా ఎర్రగా (వంపు ఎక్కువగా) ఉంది. ఎవర్ని నమ్మాలి?

మూర్తి: వయసు? కళ్లజోడు పవరులో సిలిండర్ (వంపు తేడాని సరిచేసే పవరు), యాక్సిస్ (దాని కోణం) ఎంత? కాంటాక్ట్ లెన్సులు వాడతారా? ఎర్రగా ఉందంటే ఏం చెప్తాం?

సుబ్బలక్ష్మి: బాబూ, ముందు కళ్లు నులమడం మానెయ్. మా అబ్బాయికి ఎలర్జీ, దురద, రాత్రీ పగలూ నులుముడే. చివరికి కెరటోకోనస్ అన్నారు. బోర్లా పడుకుని కన్ను దిండుకి నొక్కకూడదు. ఈ ఫోన్లొకటి...

కోనసీమ_కిరణ్: నేను నులమనండీ. 31 ఏళ్లు. సిలిండర్ -3.50, యాక్సిస్ 85. టోరిక్ (సిలిండర్ పవరున్న) సాఫ్ట్ లెన్సులు వాడతా, టెస్టు గదిలోనే తీశా. అదీ చెప్పాలా?

ఆప్టోమ్_శ్రీను: అదే ముందు చెప్పాలి! లెన్స్ ఒత్తిడికి కార్నియా ఆకారం తాత్కాలికంగా మారుతుంది. రెండు వారాలు మానేసి టోపోగ్రఫీ మళ్లీ తీయించండి. మ్యాపులో పీత డెక్కల ఆకారం కనిపించగానే పెల్యూసిడ్ అనేస్తారు, కెరటోకోనస్ కింద భాగంలో ఉన్నా అలాగే వస్తుంది. పాకిమెట్రీ (కార్నియా మందం) మ్యాపు అంచుదాకా కావాలి. పెల్యూసిడ్‌లో అంచుకి 1-2 మిల్లీమీటర్ల లోపల, గడియారంలో 4 నుంచి 8 దాకా, పట్టీలా పలచబడుతుంది. ఉబ్బు ఆ పట్టీకి పైన. కెరటోకోనస్‌లో పలచనైన చోటే ఉబ్బుతుంది. స్లిట్ ల్యాంప్‌లో (కంటిని పెద్దది చేసి చూసే మైక్రోస్కోపు) చూశారా?

కోనసీమ_కిరణ్: రెండోచోట చూడలేదు. రిపోర్టు తిరగేశారంతే.

మూర్తి: రెండూ ఒకే జబ్బుకి రెండు రూపాలని చాలామంది డాక్టర్లే అంటారు. పేరు కోసం ఇంత రాద్ధాంతమా?

ఆప్టోమ్_శ్రీను: పేరు కాదు సార్. పలచనైన చోటు అంచు దగ్గరుంటే క్రాస్‌లింకింగ్ (కార్నియాని గట్టిపరిచే చికిత్స) ఎక్కడ చేయాలో ఆలోచించాలి, లెన్స్ ఫిట్టింగూ మారుతుంది.

మూర్తి: ఏదైనా లేసిక్ వద్దు కదా. అదే నేననేది.

ఆప్టోమ్_శ్రీను: దానికి ఒప్పుకుంటా. కిరణ్ గారూ, ఈలోగా చూపు ఉన్నట్టుండి మసకబారి నొప్పి, నీరు వస్తే ఆగకండి, వెంటనే చూపించుకోండి.

సుబ్బలక్ష్మి: అందుకే నులమొద్దన్నాను.

కోనసీమ_కిరణ్: సరే, లెన్సులు తీసేశా. టెస్టు మళ్లీ తీయిస్తా. థాంక్స్.

నెల్లూరు_వాసు: నాకూ పెల్యూసిడ్ అన్నారు. స్క్లెరల్ లెన్స్ (కంటి తెల్లభాగం మీద ఆనే పెద్ద లెన్స్) ఎంతవుతుంది ఎవరికైనా తెలుసా?