ఆహారం ద్వారా సోకే వ్యాధులా, వ్యాక్సిన్ల పరిశోధనా: పీజీ ప్రాజెక్టుకు దేన్ని ఎంచుకోవాలి?

ప్రశ్న

నేను మైక్రోబయాలజీలో పీజీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టుకు రెండు ల్యాబ్‌లలో అవకాశం ఉంది. ఒకచోట ఆహార నమూనాల్లో సాల్మొనెల్లా, లిస్టీరియా వంటి బ్యాక్టీరియాను వెతికి గుర్తిస్తారు. రెండోచోట టైఫాయిడ్ వ్యాక్సిన్లకు సంబంధించిన ఇమ్యునాలజీ పని జరుగుతుంది. వ్యాక్సిన్ల రంగంలోకి వెళ్లాలన్నది నా కోరిక కాబట్టి మొదటిదాన్ని వదిలేయమని స్నేహితులు అంటున్నారు. పైగా, కలుషితాహారం వల్ల ఇన్ని వ్యాధులు వస్తున్నా వాటిలో చాలావాటికి వ్యాక్సిన్ ఎందుకు లేదో నాకు ఇప్పటికీ బోధపడలేదు. ఈ రంగంలో ఉన్నవారు వివరించగలరని మనవి.

మొదటి జవాబు

ముందు మీ రెండో సందేహం తీసుకుందాం. సాల్మొనెల్లా అన్నది ఒక్క పేరే అయినా అందులో 2,500కు పైగా సీరోటైపులు (ఉపరితలంలోని తేడాలను బట్టి విడదీసిన రకాలు) ఉన్నాయి. టైఫాయిడ్ కలిగించే టైఫీ మనుషులకే సోకుతుంది, రక్తంలోకి చేరుతుంది, దాని చుట్టూ వీఐ అనే పాలీశాకరైడ్ (చక్కెర అణువుల గొలుసు) తొడుగు ఉంటుంది; ఆ తొడుగునే గురిపెట్టి వ్యాక్సిన్ తయారుచేశారు. గుడ్ల ద్వారా వచ్చి విరేచనాలు పట్టించే ఎంటెరిటిడిస్ అనే మరో సీరోటైపుకు ఆ తొడుగు లేదు కనుక ఆ వ్యాక్సిన్ దానిమీద పనిచేయదు.

ఆ పాలీశాకరైడ్‌ను విడిగా ఇస్తే, యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలకు వాటిని బలపరిచే టీ కణాల సాయం అందదు, అందువల్ల రెండేళ్లలోపు పిల్లల్లో సరైన రక్షణ ఏర్పడదు. దాన్ని టెటనస్ టాక్సాయిడ్ (విషగుణం తీసేసిన టెటనస్ విషం) వంటి ప్రోటీన్‌కు అతికిస్తే, బీ కణం రెంటినీ కలిపి లోపలికి తీసుకుని, ప్రోటీన్ ముక్కలను టీ కణానికి చూపించి దాని సాయం పొందుతుంది. ఇలాంటి కాంజుగేట్ వ్యాక్సిన్‌ను ఆరు నెలల వయసు నుంచే ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది. అయితే వీఐ లేనిదే రక్షణ లేదని మాత్రం బట్టీ పట్టకండి: నోటి ద్వారా ఇచ్చే టీవై21ఏ అనే సజీవ వ్యాక్సిన్‌కు ఆ తొడుగే లేదు, అయినా అది కొంత కాపాడుతుంది.

వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్‌ది ఇంకో చిక్కు: ల్యాబ్‌లో పెంచలేని వైరస్‌కు వ్యాక్సిన్ తయారుచేసి పరీక్షించడం కష్టం. మనుషులకు సోకే రకాలను ల్యాబ్‌లో నమ్మకంగా పెంచడం 2016లో పేగు కణాల నుంచి తయారుచేసిన ఎంటెరాయిడ్ల (పేగును పోలిన చిన్న కణజాలాల) మీద గానీ సాధ్యపడలేదు.

రెండో జవాబు

పై వివరణతో ఏకీభవిస్తాను, కానీ ఆహార ల్యాబ్‌ను అంత తేలిగ్గా తీసేయవద్దు. 25 గ్రాముల నమూనాను 225 మిల్లీలీటర్ల పెప్టోన్ నీటిలో (బ్యాక్టీరియాకు పోషకాలిచ్చే ద్రవంలో) కలిపి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచడం చూడటానికి చాకిరీలా ఉంటుంది; వేడికో ఎండుదనానికో దెబ్బతిన్న బ్యాక్టీరియా కోలుకోకపోతే తర్వాతి సెలెక్టివ్ మీడియాలో (కావలసినవాటిని తప్ప మిగతావాటిని అణచే పోషకాల్లో) అది బతకదని తెలిశాక ఆ రాత్రి విలువ అర్థమవుతుంది. నా మొదటి ప్రాజెక్టులో ఎక్స్‌ఎల్‌డీ అనే సెలెక్టివ్ మీడియం ప్లేటు మీద మధ్యలో నల్లగా ఉన్న కాలనీలు కనబడగానే సాల్మొనెల్లా దొరికిందని రికార్డు పుస్తకంలో రాసేశాను. యూరియా మీడియం గులాబీ రంగుకు తిరిగాక, అది యూరియాను విడగొట్టే ప్రోటియస్ అనే వేరే బ్యాక్టీరియా అని తేలి, ఆ పేజీ కొట్టేయవలసి వచ్చింది.

వ్యాక్సిన్ ట్రయల్స్‌లోనూ ఎవరికి నిజంగా టైఫాయిడ్ వచ్చిందో తేల్చేది కల్చరే, అంటే నమూనా నుంచి బ్యాక్టీరియాను పెంచి చూడటమే. ఒక్కసారి చేసే బ్లడ్ కల్చర్ సుమారు 60 శాతం కేసులనే పట్టుకుంటుంది. ఆ లోటు తెలియనివారు ట్రయల్ ఫలితాన్ని సరిగా చదవలేరు.

మూడో జవాబు

నేనైతే ఇమ్యునాలజీ ల్యాబ్‌నే ఎంచుకుంటాను, కానీ చేరేముందు ఒక మాట అడుగుతాను: అక్కడ ఎలైసా (యాంటీబాడీల మోతాదు కొలిచే పరీక్ష) మాత్రమే చేస్తారా, లేక యాంటీబాడీలు కాంప్లిమెంట్‌తో (రక్తంలోని రక్షక ప్రోటీన్లతో) కలిసి బతికున్న బ్యాక్టీరియాను ఎంతవరకు చంపుతున్నాయో చూసే బ్యాక్టీరిసైడల్ పరీక్ష కూడా ఉందా? అది ఉంటే మీరు రోజూ కాలనీలు లెక్కపెడతారు, ఆహార ల్యాబ్ నేర్పే చేతిపని చాలావరకు అక్కడే వస్తుంది. లేకపోతే రెండో జవాబిచ్చినవారి మాట వినండి.