వైట్ ప్లేట్ ఈకోలో క్యాటరింగ్ సామాన్లు: ప్రైవేటు పాలసీ చాలా, కమర్షియల్ కావాలా?

తెనాలి వంటశాల: మాది చిన్న క్యాటరింగ్. మారుతీ ఈకో వ్యాన్ ఉంది, వైట్ ప్లేట్ (సొంత వాడకం బండి), నా పేరు మీదే. వెనక సీట్లు పీకేసి గుండిగలు, స్టౌలు వేసుకుని ఫంక్షన్ హాళ్లకి తిప్పుతాం. బయటివాళ్ల సరుకు వేయం, కిరాయి లేదు. వచ్చే నెల ఇన్సూరెన్స్ రెన్యువల్. ఏజెంటేమో ప్రైవేటే చాలంటాడు, మా బావమరిది కమర్షియల్ తీసుకోమంటాడు. ఏది కరెక్టు?

ఆటోనగర్ శీను: ప్రైవేటే. కిరాయి తీసుకుంటేనే కమర్షియల్. మీ గుండిగలు మీ బండిలో వేసుకుంటే ఎవడికి నొప్పి?

సర్వేయర్ మూర్తి: శీను గారూ, పాలసీలో 'లిమిటేషన్స్ యాజ్ టు యూజ్' అని, బండి దేనికి వాడితే కవర్ ఉండదో చెప్పే పేరా ఒకటి ఉంటుంది, చదవండి. కిరాయి ఒక మినహాయింపు, సరుకు రవాణా ఇంకో మినహాయింపు. సరుకులో శాంపిళ్లకి, సొంత లగేజీకే సడలింపు. మందుల రెప్ బ్యాగు వేసుకుని తిరిగితే ఇబ్బంది లేదు. బిర్యానీ గుండిగ లగేజీ అవదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(14) చూస్తే, సరుకు కోసం తయారుచేయని బండి అయినా సరుకు మోస్తున్నప్పుడు గూడ్స్ క్యారేజే. సీట్లు పీకడం ఇంకో తలనొప్పి.

ఆటోనగర్ శీను: పెళ్లికి వెళ్లేవాళ్లు సారె బుట్టలు వేసుకుంటే అదీ సరుకేనా సార్?

సర్వేయర్ మూర్తి: సారె వాళ్లింటిది. గుండిగకి బిల్లు వేస్తారు.

ఆటోనగర్ శీను: బిల్లు అన్నానికి. రవాణాకి కాదు.

గాజువాక ట్రావెల్స్: ఇద్దరూ గుండిగ దగ్గరే ఆగిపోయారు 🙂

ఆటోనగర్ శీను: 2008లో నితిన్ ఖండేల్వాల్ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? ప్రైవేటు బండిని టాక్సీగా తిప్పారని కంపెనీ మొత్తుకున్నా, బండి దొంగలు ఎత్తుకుపోతే 75 శాతం ఇప్పించింది. దీనికి జవాబు చెప్పండి.

సర్వేయర్ మూర్తి: అది దొంగతనం. బండి ఎలా వాడారన్నదానికీ, పోయినదానికీ సంబంధం లేదంది కోర్టు. 2010లో అమలేందు సాహూ కేసు యాక్సిడెంటే, అందులోనూ ఎంతో కొంత ఇప్పించారు, కాదనను. కానీ ఆయన అందుకోసం సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. తెనాలి గారు ఎక్కగలరా?

ఆటోనగర్ శీను: ఎక్కువ కడితే మాత్రం ఇస్తారా? నా టాటా ఏస్ ఎల్లో ప్లేట్, కమర్షియల్ పాలసీ, ఏటా టైముకి కట్టా. బోల్తా పడింది. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు అంతకు ముందు వారమే అయిపోయిందని రూపాయి రాల్చలేదు. ఎక్కువ కట్టినా ఎగ్గొడతారు, తక్కువ కట్టినా ఎగ్గొడతారు. అలాంటప్పుడు తక్కువే కడదాం. మీకేం, నష్టం లెక్కగట్టినందుకు ఇన్సూరెన్స్ కంపెనీ ఫీజు ఇస్తుంది, కంపెనీ పాట పాడతారు.

సర్వేయర్ మూర్తి: ఫీజు కంపెనీయే ఇస్తుంది, దాచేదేం లేదు. మీరు పొద్దున్నుంచీ మీ ఏస్ గురించే ఏడుస్తున్నారు. ఈకో తుక్కయితే నష్టానికి ఒక లెక్కుంది. అది ఎవరినైనా గుద్దితే? తెనాలి గారూ, బండి నడిపేది ఎవరు?

తెనాలి వంటశాల: జీతానికి కుర్రాడున్నాడు. రిసెప్షన్ అయ్యాక అర్ధరాత్రి అంట్ల సామాన్లు వాడే తెస్తాడు. వడ్డించే పిల్లలు నలుగురు ఆ సామాన్ల మీదే కూర్చుని వస్తారు.

సర్వేయర్ మూర్తి: ఇది మొదట్లో చెప్పాలి కదండీ! రోడ్డు మీద మనిషి పోతే ట్రిబ్యునల్ చాలాసార్లు కంపెనీ చేతే కట్టిస్తుంది, షరతు తప్పినందుకు అదే డబ్బు మీ దగ్గర వసూలు చేసుకోమంటుంది. పే అండ్ రికవర్ అంటే అదే. ఇల్లు మీ పేరునే ఉందా? ఇక సామాన్ల మీద కూర్చున్న పిల్లల సంగతి కమర్షియల్ పాలసీలో కూడా పేచీయే.

తెనాలి వంటశాల: సార్, నా భయం ప్రీమియం కాదు. ఆర్‌సీ వైట్‌లో ఉంటే కమర్షియల్ ఇవ్వరంట. ఎల్లో చేయిస్తే ఎఫ్‌సీ, పర్మిట్, ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరుగుళ్లు. ఆదివారం సీట్లు బిగించి ఇంట్లోవాళ్లని తీసుకెళ్లేదీ ఇదే బండి.

ఆటోనగర్ శీను: హమ్మయ్య, అసలు సంగతి ఇప్పుడొచ్చింది. నేను మొత్తుకునేది కూడా ఇదే. ఎల్లో అయ్యాక ఒక్క కాగితం తప్పినా మీదే తప్పు.

సర్వేయర్ మూర్తి: మొత్తం బరువు 3,000 కేజీలు దాటని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు, సెక్షన్ 66(3). ఎఫ్‌సీ ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, తర్వాత ఏటా. ఖర్చు మాత్రం ఉంది: 2022 జూన్ రేట్లలో ఈకోకి థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి) ప్రీమియం ప్రైవేటైతే 3,416, 7,500 కేజీల లోపు గూడ్స్ బండికి 16,049, పన్ను కాకుండా. నన్నడిగితే దీన్ని సీట్లతో ఇంటికి ఉంచుకుని, సామాన్లకి పాత ఈకో కార్గో ఒకటి చూసుకోండి. పాలసీ తీసుకునేటప్పుడు ఐఎంటీ 23 అనే అదనపు కవర్ అడిగి వేయించుకోండి. అది లేకపోతే బండి మొత్తం పోతే తప్ప బంపర్, హెడ్‌లైట్లు, బానెట్, టైర్లు, పెయింట్ దేనికీ రాదు.

ఆటోనగర్ శీను: బంపర్‌కి కూడా వేరే డబ్బులా! ఇంకేం చెప్పాలి.

తెనాలి వంటశాల: ఈకో కార్గో అమ్మేవాళ్లుంటే మెసేజ్ పెట్టండి, సీఎన్‌జీ అయినా పర్లేదు. వడ్డించే పిల్లలకి ఈ శనివారం నుంచే ఆటో మాట్లాడుతున్నా.