పొలంలో పురుగుమందు కొట్టాక బుగ్గలు మండుతున్నాయి, ఎలర్జీయేనా?

మండపేట కుర్రాడు:
దాళ్వా వరికి కాండం తొలిచే పురుగు పడిందని నిన్న పొద్దున్న రెండెకరాలకి లాంబ్డా సైహలోత్రిన్ కొట్టానండి, షాపాయన చెప్పాడని ఇంకో మందు కూడా కలిపి. కొట్టినంతసేపూ ఏమీ లేదు, గాలి మాత్రం ఎదురొచ్చింది. మధ్యాహ్నం అన్నం తింటుంటే పెదాల చుట్టూ చీమలు పాకినట్టు మొదలై, సాయంత్రానికి పచ్చిమిరపకాయ నూరి పూసినట్టు బుగ్గలు మంట. అద్దంలో చూస్తే ఎరుపు లేదు, పొక్కు లేదు. వేణ్ణీళ్లు పోసుకుంటే ఇంకా రెచ్చిపోయింది. మా ఆవిడ ఎలర్జీ అంటుంది, నాకేమో నరాలకేమైనా అయిందని టెన్షన్.

కౌలు రైతు:
నాకూ ఏటా ఇదే తంతు. నాజిల్ పూడుకుపోతే వేళ్లతో విప్పి, నోటితో ఊది, అదే చేత్తో చెమట తుడుచుకుంటాం కదా, అక్కడే పట్టేస్తుంది. మూతికి కట్టిన తువ్వాలు కూడా తడిసి మందు పీల్చుకుంటుంది.

పాత షాపు గుమస్తా:
ఎలర్జీ కాదు తమ్ముడూ. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, నువ్వు కొట్టిన లాంబ్డా సైహలోత్రిన్ అన్నీ ఒకే జాతి పురుగుమందులు, పైరిత్రాయిడ్లంటారు. నరంలో సోడియం లోపలికెళ్లే దారి మూసుకోవాల్సిన టైముకి మూసుకోనివ్వవు, దాంతో నరం ఊరికే కొట్టుకుంటుంది. పురుగు చచ్చేదీ అలాగే. నీకు చర్మంలోని నరాల కొసలకే తగిలింది, అందుకే మంట ఉంది గానీ ఎరుపు లేదు. మామూలుగా 24 గంటల్లో పోతుంది. ఎండ, చెమట, వేడినీళ్లు తగిలితే పెరుగుతుంది. సబ్బుతో చన్నీళ్లతో కడుక్కుని విటమిన్ ఇ నూనె రాయి. (అన్నట్టు ఈ జాతి మందులు వరికి పదేపదే కొడితే రసం పీల్చే సుడిదోమ ఎక్కువవుతుంది, షాపాయన అది చెప్పడు.)

నా భయమల్లా ఆ రెండో మందు గురించే. క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి ఇంకో జాతి పురుగుమందైతే కథ వేరు. ఒళ్లంతా చెమట, నోట్లో చొంగ, వాంతి, కండరాలు అదరడం, కంటిపాప సూదిమొనంత అయిపోవడం, వీటిలో ఏది కనిపించినా బట్టలు విప్పేసి, ఒళ్లు కడిగి, 108కి ఫోన్ చేసి డబ్బా పట్టుకుని పోవాలి. పేరు తెలిస్తేనే డాక్టరు అట్రోపిన్ లాంటి విరుగుడు మందులు తొందరగా మొదలుపెడతాడు. ఆ జాతిలో కొన్ని మందులకైతే బాగా ఎక్కినవాళ్లకి, కోలుకున్నాక రెండు మూడు వారాలకి కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పడం కూడా ఉంది. డబ్బా మీద ఏముంది?

మండపేట కుర్రాడు:
పొద్దున్నకి మంట తగ్గిందండి, మీరు చెప్పినవేవీ లేవు. డబ్బా అప్పుడే కాలవలో పారేశా, పేరు చదవలేదు. షాపు తెరవగానే అడిగి పెడతాను.