బావమరిది బతుకు కోరడం వెనక జీన్స్ (జన్యువులు) ఉన్నాయా?

ప్రశ్న: జీన్స్ ఎంత కలిస్తే అంత సాయం చేసుకుంటాం అని 1964లో హామిల్టన్ అనే జీవశాస్త్రవేత్త లెక్క కట్టాడు కదా, అన్నదమ్ములకి 50 శాతం, పెదనాన్న బాబాయ్ పిల్లలకి 12.5. మరి మన సామెతేంటి రివర్స్‌లో, బావమరిది బతక కోరును దాయాది చావ కోరును అని? బావమరిదితో రక్తసంబంధమే లేదుగా!

జవాబు 1: ఎందుకు లేదు బ్రో, అక్క పిల్లల్లో 25 శాతం బావమరిది జీన్సేగా, బావ బాగుంటేనే మేనల్లుళ్ళు బాగుంటారు. మేనరికం అయితే ఇంకా ఎక్కువ కలుస్తాయి.

జవాబు 2: ఆ లెక్కలో ఖర్చు కూడా ఉంది అండి, చుట్టరికంతో గుణించిన లాభం ఖర్చుని దాటాలి, దాయాదులంటే ఒకే పొలానికి పోటీ కాబట్టి అక్కడే తేడా కొడుతుంది.

జవాబు 3: అన్నీ జీన్సేనా సార్, మా బావమరిది తీసుకున్న అప్పు ఇంకా ఇవ్వలేదు 😂